వంటగదిలో ఉండకూడనివి

క్రిస్మస్‌కో సంక్రాంతికో ముందు వంటగది బూజు దులిపి, డబ్బాలు తోమి, అరల్లో కొత్త కాగితాలు పరవడం మన ఇళ్ళలో ఉన్న అలవాటే. మంచి అలవాటు. అయితే డబ్బాలు మెరిసినంత మాత్రాన వంటగది బాగుపడినట్టు కాదు. ఆ డబ్బాల పక్కన ఏముందో కూడా చూడాలి. ఏదో మింగిన పిల్లవాణ్ణి ఆసుపత్రికి తెచ్చినప్పుడు మేము "ఏం తాగాడు?" అని అడుగుతాం. ఆ తరువాత "ఎక్కడ దొరికింది?" అని అడుగుతాం. "వంటింట్లోనే" అన్న జవాబు మాకు కొత్త కాదు.

2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో, ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు ఉన్నట్టు పరీక్షలో తేలింది. పురుగుల మందు వంట సరుకుల్లోకి ఏ దారిన వచ్చినా ఫలితం ఇంత ఘోరంగా ఉంటుంది. అందుకే వంటగది సర్దేటప్పుడు మొదట చేయవలసిన పని, తిండి కానిదాన్నంతా బయటికి తీయడం.

ముందుగా తీసేయవలసినవి

1. పురుగుల మందులు: పొలానికి తెచ్చిన మందును వంటగదిలోనే కాదు, ఇంట్లోనే ఉంచకండి. బయట పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఖాళీ అయిన మందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినా నూనెకు, నీళ్ళకు, పప్పులకు వాడరాదు. మరెవరూ వాడుకోకుండా దానికి రంధ్రాలు చేయండి. మందు కొలిచిన గ్లాసు మళ్ళీ వంటింటికి రాకూడదు.

2. ఎలుకల మందు: ట్యూబులో వచ్చే ఎలుకల మందు పిల్లల కళ్ళకు టూత్‌పేస్టులాగే కనిపిస్తుంది. ఇటువంటి కొన్నింటిలో పసుపు భాస్వరం ఉంటుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గట్టు కింద, బియ్యం బస్తా వెనుక పెట్టి మరచిపోకండి.

3. ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్: సింకు కింద పిల్లల చేతికి అందేలా పెట్టకండి. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను కలపకండి. కలిపితే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరిన్ వాయువు వస్తుంది.

4. కిరోసిన్, పెయింట్ థిన్నర్: కిరోసిన్ వాడకం బాగా తగ్గింది. అయినా అడుగున మిగిలిన సీసా ఎక్కడో ఒక మూల ఉండవచ్చు. వెతికి తీయండి.

5. మందుబిళ్ళలు: పోపుల డబ్బా పక్కన, ఫ్రిజ్ మీద పెట్టిన మాత్రలు వేడికి, తేమకు పాడవుతాయి. పిల్లలు వాటిని చాక్లెట్లనుకుంటారు. గడువు తీరినవి తీసేసి, మిగిలినవి వేరే గదిలో ఎత్తున ఉంచండి.

సీసా మార్చకండి

పిల్లవాడు చీటీ చదవడు, సీసాను గుర్తుపడతాడు. కూల్‌డ్రింకు సీసాలో ఉన్నది ఏదైనా వాడికి కూల్‌డ్రింకే. కరెంటు పోయిన రాత్రి దాహంతో లేచిన పెద్దవాళ్ళకూ అంతే. కాబట్టి తాగే సీసాల్లో తాగనివి పోయకండి. పేరు లేని సీసాలో ఏముందో తెలియకపోతే వాసన చూసి తేల్చుకోవద్దు, రుచి అసలే చూడవద్దు. దాన్ని వంటింట్లోంచి తీసేయండి.

తిండి సరుకుల్లో ఏరివేత

"పారేయడానికి మనసొప్పదు" అని చాలామంది తల్లులు మాతో అంటారు. వారి కష్టం మాకు తెలుసు. పురుగు పట్టిన పప్పును ఎండబెట్టి, జల్లించి వాడుకోవచ్చు. కాని బూజు పట్టిన వేరుశనగలు, మొక్కజొన్నల సంగతి వేరు. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్నలు తిని, కాలేయం చెడి వందమందికి పైగా చనిపోయారు. అటువంటి గింజలను పశువులకు కూడా పెట్టకండి. ఆ విషం పాలలోకి వస్తుంది.

పాత సరుకు ముందు, కొత్త సరుకు వెనుక పెట్టండి. పాత పప్పు అయిపోకుండా దాని మీదే కొత్త పప్పు పోయకండి. గింజలను బాగా ఎండబెట్టి, తడిలేని డబ్బాలో మూత బిగించి ఉంచండి. ఇంట్లో నలుగురికి సరిపడా గిన్నెలు ఉంచుకొని, ఏళ్ళ తరబడి ముట్టనివి ఇచ్చేయండి. ఖాళీ డబ్బాల గుట్టలు బొద్దింకలకు, ఎలుకలకు కాపురాలు. వాటిని తీసేస్తే ఎలుకల మందు అవసరమే తగ్గుతుంది.

ఏది ఎక్కడ?

బరువైనవి కింద, తేలికైనవి పైన ఉండాలి. కత్తిపీట వాడగానే మడిచి ఎత్తున పెట్టండి. పొయ్యి దగ్గర కాగితాలు, ప్లాస్టిక్ సంచులు, వేలాడే గుడ్డలు ఉండరాదు. గ్యాస్ సిలిండర్‌ను నిలబెట్టే ఉంచాలి. పొయ్యి దానికన్నా ఎత్తులో గట్టు మీద ఉండాలి. గ్యాస్ గాలికన్నా బరువైనది, లీకయితే నేల మీదుగా పాకుతుంది. అందుకే సిలిండర్ చుట్టూ బస్తాలు, డబ్బాలు పేర్చకండి. వాసన వస్తే స్విచ్ వేయవద్దు, ఆర్పవద్దు. రెగ్యులేటర్ మూసి, తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

ఒకే గదిలో వంటా, పడకా ఉన్న ఇళ్ళలో ఇవన్నీ కుదరవని మాకు తెలుసు. అటువంటి ఇంట్లో కూడా ఒక తాళం పెట్టె, ఎత్తున ఒక అర ఉంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి.

పొరపాటున మింగితే

• వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, చింతపండు రసం, సబ్బునీళ్ళు పట్టవద్దు. కిరోసిన్ వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాసిడ్ తిరిగి వచ్చేటప్పుడు గొంతును మళ్ళీ కాలుస్తుంది.

• పురుగుల మందు ఒంటి మీద పడితే బట్టలు తీసి, సబ్బుతో బాగా కడగండి.

• స్పృహ తప్పినవారిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

• వెంటనే 108కి ఫోన్ చేయండి. మింగిన దాని సీసాను, డబ్బాను తప్పక వెంట తీసుకురండి. ఏ చికిత్స చేయాలో దానివల్ల త్వరగా తెలుస్తుంది.

• ఎలుకల మందు తిన్నవారు ఒకటి రెండు రోజులు బాగానే కనిపించవచ్చు. అది చూసి ఇంట్లో ఆగిపోకండి.

ఇదంతా ఒక్కరోజులో చేయనక్కరలేదు. రోజుకు ఒక అర చొప్పున సర్దినా వారంలో పూర్తవుతుంది. మొదటి రోజు మాత్రం గట్టు కింద, సింకు కింద చూడండి. పిల్లల చేతులు ముందుగా చేరేది అక్కడికే.