పోర్టు తెరిచినా కెమెరా కనపడదేం?

సులైబియాలో గదిలోనో, షాపులోనో నాలుగు కెమెరాలు, ఒక డీవీఆర్ పెట్టుకున్నారనుకుందాం. సెలవుకి రాజంపేట వెళ్ళినా ఫోన్లో చూసుకోవాలని రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా పెట్టారు. గదిలో ఉన్నన్నాళ్ళూ బొమ్మ చక్కగా వచ్చింది. ఊరు చేరాక మాత్రం కనెక్షన్ కుదరడం లేదు. అక్కడినుంచి రౌటర్‌ని సరిచేసే మార్గం లేదు. అందుకే విమానం ఎక్కకముందే చూసుకోవలసిన సంగతులు వరుసగా తెలుసుకుందాం.

హారిస్ చేసే పనే రౌటర్‌దీ

కువైట్ బిల్డింగుల్లో కింద ఉండే హారిస్ మనకి తెలిసినవాడే. బయటివాళ్ళకి బిల్డింగు అడ్రసే తెలుసు. ఎవరు ఏ ఫ్లాట్‌లో ఉంటారో హారిస్‌కి తెలుసు. మీరు పిలిపించుకున్న మనిషిని పైకి పంపుతాడు, పిలవకుండా వచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తాడు. రౌటర్ కూడా అంతే. "8000 పోర్టు అడిగినవాళ్ళని 192.168.1.50కి పంపు" అని దానికి ముందుగా చెప్పి ఉంచడమే పోర్ట్ ఫార్వర్డింగ్.

ముందు ఇంట్లో చూడండి

1. డీవీఆర్ ఐపీ అడ్రసు మారకుండా చేయండి. కరెంటు పోయి వస్తే రౌటర్ దానికి వేరే అడ్రసు ఇవ్వవచ్చు. అప్పుడు మీ రూలు ఖాళీ ఫ్లాట్‌కి దారి చూపుతుంది. రౌటర్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెడితే ఈ బాధ ఉండదు.

2. డీవీఆర్ వాడే పోర్టు ఏదో దాని మెనూలోనే చూసి, రౌటర్లో అదే నంబరు, టీసీపీ అని ఇవ్వండి. డీవీఆర్లో గేట్‌వే అడ్రసుగా మీ రౌటర్ అడ్రసు ఉండాలి.

3. పరీక్ష బయటనుంచే చేయండి. ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ప్రయత్నించండి. అదే వైఫై మీద ఉండి మీ బయటి అడ్రసుని పిలిస్తే కొన్ని రౌటర్లు దాన్ని వెనక్కి తిప్పి ఇవ్వలేవు. రూలు సరిగా ఉన్నా తప్పున్నట్టు కనిపిస్తుంది.

అసలు చిక్కు

ఇవన్నీ సరిగా ఉన్నా పని జరగకపోతే, రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉన్న అడ్రసు రాసుకోండి. తర్వాత, వీపీఎన్ ఏదీ ఆన్‌లో లేకుండా, మీ ఐపీ అడ్రసు చెప్పే ఏదైనా వెబ్‌సైటు తెరిచి అక్కడ వచ్చింది చూడండి. రెండూ ఒకటే అయితే తప్పు మీ సెట్టింగుల్లోనే ఉంది, మళ్ళీ వెతకండి. రెండూ వేరైతే మీ రౌటర్‌కి బయట ఇంకో హారిస్ ఉన్నాడన్నమాట.

వ్యాన్ అడ్రసు 192.168తో మొదలైతే, చాలావరకు ఆ రెండో హారిస్ మీ బిల్డింగులోనే ఉంటాడు. పక్క గదివాళ్ళ నెట్‌ని పంచుకునేచోట ఇలా జరుగుతుంది. ఆ రౌటర్లో కూడా మీ రౌటర్‌కి దారి చూపే రూలు పెట్టాలి. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసయితే అది క్యారియర్ గ్రేడ్ నాట్. అంటే ఆ హారిస్ టెలికాం కంపెనీ మనిషి, మీ మాట వినడు. 10తో మొదలైనా తరచు ఇదే కారణం. కువైట్‌లో జైన్, ఊరెడూ, ఎస్‌టీసీ అమ్మే సిమ్ రౌటర్లు మొబైల్ నెట్‌వర్కు మీదే నడుస్తాయి. మొబైల్ నెట్‌వర్కుల్లో ప్రపంచమంతటా ఈ ఏర్పాటు మామూలే.

కారణం అడ్రసుల కరువు. ఐపీ వెర్షన్ 4లో ఉన్నవి మొత్తం సుమారు 429 కోట్ల అడ్రసులు. ప్రపంచ నిల్వలోని చివరి భాగాలు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. కువైట్‌కి అడ్రసులిచ్చే రైప్ ఎన్‌సీసీ దగ్గర 2019 నవంబరు 25న నిల్వ అయిపోయింది. అందుకే వందలమందికి ఒకే అడ్రసు పంచుతున్నారు. ఈ పంపకం కోసమే 100.64 వరసని 2012లో కేటాయించారు.

మరి దారేది?

మొదటిది, పబ్లిక్ ఐపీ ఇస్తారేమో కంపెనీని అడగడం. కొన్ని ప్లాన్లలో ఇవ్వరు, ఇస్తే అదనపు రుసుము ఉండవచ్చు. ఆ అడ్రసు మారుతూ ఉంటే డైనమిక్ డీఎన్ఎస్ కూడా పెట్టుకోవాలి.

రెండోది, డీవీఆర్ కంపెనీవారి పీటూపీ సేవ. ఇందులో డీవీఆర్ తానే లోపలినుంచి బయటి సర్వర్‌ని పిలుస్తుంది కాబట్టి ఏ హారిసూ అడ్డుపడడు. సులువైన దారి ఇదే. కాకపోతే ఆ కంపెనీ సర్వర్లని నమ్మాలి.

మూడోది, గదిలో ఎప్పుడూ ఆన్‌లో ఉండే పాత కంప్యూటరుంటే అందులో, మీ ఫోన్లో టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు నెట్‌వర్కు పెట్టుకోవడం. దీనికి కూడా పోర్టు తెరవక్కరలేదు.

తెరిచే ముందు ఒక్క మాట

ఏం చేసినా పని కావడం లేదని విసిగి డీఎంజడ్ ఆన్ చేసేవాళ్ళున్నారు. దానితో ఆ పరికరం పోర్టులన్నీ బయటికి తెరుచుకుంటాయి. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలు, డీవీఆర్లు, రౌటర్లని లక్షల్లో వశం చేసుకుంది. అదే ఏడాది అక్టోబరు 21న డిన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద దాడికి వాటినే వాడారు. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు గంటలకొద్దీ అందలేదు. మీ పోర్టుని వెతికి పట్టుకోవడానికి మీ పేరు, ఊరు ఎవరికీ తెలియనక్కరలేదు. ఆ ప్రోగ్రాములు అడ్రసులన్నీ వరసగా తట్టుకుంటూ పోతాయి.

కాబట్టి ముందు డీవీఆర్ పాస్‌వర్డు మార్చండి, సాఫ్ట్‌వేర్ తాజా చేయండి. ఆ తర్వాత మొబైల్ డేటా మీద కెమెరా కనిపిస్తోందో లేదో చూడండి. డీవీఆర్‌నీ రౌటర్‌నీ ఒకసారి ఆపి, మళ్ళీ ఆన్ చేసి ఇంకోసారి చూడండి. అప్పుడూ కనిపిస్తే నిశ్చింతగా సూట్‌కేసు సర్దుకోవచ్చు.