సద్దు చేయని మార్పులు: ఔషధవిద్యా ప్రవేశపరీక్ష

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్న పిల్లలుగల యిండ్లలో వేసవి సమీపించుకొలదిని తప్పక వినవచ్చు మాట "ఈ యేడు సెట్టు మారినదట గదా" యనునది. ఏమి మారినదని తిరిగి యడిగినచో స్పష్టమైన జవాబు దొరకుట మాత్రమరుదు. 1986లో ఇంజనీరింగు, వ్యవసాయ, వైద్య కళాశాలలకు ఉమ్మడి ద్వారముగ ఎంసెట్ అను పేర నారంభమైన యీ పరీక్ష, వైద్యవిద్యాప్రవేశము 2017 నాటికి పూర్తిగ జాతీయస్థాయి నీట్ పరీక్షకు తరలిపోవుటచే, ఆంధ్రప్రదేశమున 2021లోను, తెలంగాణమున 2024లోను ఈఏపీసెట్ అను నామాంతరము దాల్చి, వైద్యమున్న చోట ఔషధవిద్యకు స్థానమిచ్చినది. ఈ పేరుమార్పునకు పత్రికలలో పెద్ద యక్షరములు దక్కినవి, తలిదండ్రులు కలవరపడిరి. ప్రశ్నపత్రము మాత్రము మునుపటివలెనే 160 ప్రశ్నలతో, మూడు గంటల కాలముతో, ప్రశ్నకొక మార్కుతో, తప్పు సమాధానమునకు కోత లేకుండ నిలిచియున్నది. విద్యార్థి భవితవ్యమును నిజముగ మార్చినవి వేరుగ గలవు. అవి యంత సద్దు చేయలేదు.

వానిని జెప్పుటకు ముందు ఫార్మసీకిగల యొక విశేషము చెప్పవలసియున్నది. బి.ఫార్మసీ, ఫార్మ్-డి కోర్సులకు బైపీసీవారును ఎంపీసీవారును గూడ నర్హులు. సీట్లలో సగము వీరికి, సగము వారికి. బైపీసీవారికి వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము ఒక్కొక్కటి 40 ప్రశ్నలు. ఎంపీసీవారికి గణితమే 80, తక్కిన రెండును నలుబదేసి. మందుల చదువునకు లెక్కలెందుకని నవ్వువారు కలరుగాని, మ్రింగిన మాత్రలోని మందు రక్తమునందు గంటగంటకు నెంత తగ్గునో గణించుటకు ఘాతాంకములు, సంవర్గమానములు లేనిదే యడుగు పడదని వారికి మూడవ యేటగాని తెలియదు. ఇది యెఱిగియే కాబోలు, బి.ఫార్మసీ మొదటి సెమిస్టరులో జీవశాస్త్రము చదివి వచ్చినవారికి గణితమును, గణితము చదివి వచ్చినవారికి జీవశాస్త్రమును పూరకపాఠముగ నేర్పుదురు.

ఇక సద్దు చేయని మార్పులలో మొదటిది, నా దృష్టిలో గొప్పది, ఇంటర్మీడియట్ మార్కుల వెయిటేజీకి సంబంధించినది. పూర్వము ర్యాంకు నిర్ణయమున ప్రవేశపరీక్షకు 75 పాళ్లు, ఇంటరు ఐచ్ఛికవిషయముల మార్కులకు 25 పాళ్లు ఉండెడివి. కరోనా కాలమున నిలిపివేయబడిన యీ పద్ధతిని ఆంధ్రప్రదేశము 2023లో పునరుద్ధరింపగా, తెలంగాణము అదే సంవత్సరమున శాశ్వతముగ రద్దుచేసెను. కావున ఎల్లకు ఇటు తెలంగాణపు మధిరలోను, అటు ఆంధ్రప్రదేశపు తిరువూరులోను ఒకే చదువు చదువు పిల్లలకు ర్యాంకు కట్టు లెక్క రెండు తెఱగులైనది. ఇంటరు ఐచ్ఛికములలో నూటికి 95 తెచ్చుకొని ప్రవేశపరీక్షలో 80 మార్కులు పొందిన బాలిక నొకతెను, ఇంటరులో నూటికి 60 మాత్రమే వచ్చి ప్రవేశపరీక్షలో 96 సాధించిన బాలుని నొకనిని ఊహింపుడు. ఆంధ్రప్రదేశపు లెక్కలో ఆమెకు 37.5, 23.75 కలిసి 61.25 అగును, అతనికి 45, 15 కలిసి 60 మాత్రమే. ఆమెయే ముందు. తెలంగాణమున అదే బాలుడు పదియారు మార్కుల యంతరముతో, అనగా కొన్నివేల ర్యాంకుల దవ్వున, ఆమెను దాటిపోవును. వెయిటేజీ యున్న చోట ప్రయోగశాల రికార్డు మొదలుకొని పబ్లిక్ పరీక్షలో గీసిన పటము వఱకు ప్రతిదియు ర్యాంకులోనికి వచ్చును; లేని చోట ఆ మూడు గంటలే సర్వస్వము. ఒకే శిక్షణాలయము ఉభయులకును ఒకే కాలపట్టికను పంచిపెట్టుట నాకు సమంజసముగ దోపదు.

అమెరికాలోని మనవారి పిల్లల స్థితి ఈ తెలంగాణపు పద్ధతికి విపరీతముగ నున్నది. అచ్చటి ఔషధకళాశాలలు దశాబ్దములుగ వాడుకొనిన పీక్యాట్ అను ప్రవేశపరీక్ష 2024 జనవరితో అంతరించినది. ఇప్పుడు కళాశాల మార్కులును, సిఫారసు లేఖలును, ముఖాముఖియునే ప్రధానములు. ఒకచోట పరీక్ష యొక్కటే మిగులగా, మఱియొకచోట పరీక్షయే మిగులలేదు.

రెండవ మార్పు పుస్తకములది. ఆంధ్రప్రదేశ ఇంటర్మీడియట్ మండలి 2025-26 విద్యాసంవత్సరము నుండి మొదటి సంవత్సరమున ఎన్‌సీఈఆర్టీ పాఠ్యక్రమమును ప్రవేశపెట్టి, వృక్ష, జంతుశాస్త్రములను జీవశాస్త్రమను నొక్క పత్రముగ గలిపినది. ఈ పుస్తకములతో ఆరంభించినవారు ప్రవేశపరీక్షకు కూర్చుండునది 2027లో. చిక్కు వీరికంటె లాంగ్‌టర్మ్ విద్యార్థులకే యెక్కువ; ఏలయనగా వారు చదివినది పాత పుస్తకము, పోటీపడవలసినది క్రొత్త పుస్తకమువారితో. అన్నగారు వాడి విడిచిన ప్రశ్నల సంపుటమును అట్లే చేపట్టక, అందలి ప్రశ్నలను ఆ యేటి నోటిఫికేషనుతో వెలువడిన సిలబస్‌తో అధ్యాయము వెంట అధ్యాయముగ సరిచూచుకొని, లేనివానిని కొట్టివేసి, క్రొత్తవానిని గుర్తించుకొనుట రెండు సాయంత్రముల పని. ఆ పని చేయువారు మిక్కిలి తక్కువ.

మూడవ మార్పునకు పోవుటకు ముందు పరీక్ష వ్రాయు తీరును గూర్చి యొకమాట. పరీక్ష కంప్యూటరుపైకి వచ్చి (ఆంధ్రప్రదేశమున 2017లో, తెలంగాణమున 2018లో) చాల కాలమైనను, మౌసు పట్టుటయే అలవాటులేని పల్లెటూరి పిల్లలు నేటికిని గలరు. వారికొఱకే యధికారిక సైటులో మాక్ టెస్టు ఉచితముగ లభించుచున్నది. ప్రశ్నకు సగటున 67.5 సెకండ్లు మాత్రమే యుండుటచే, చదివినంతనే తట్టు జీవశాస్త్రముతో మొదలిడి, పిమ్మట రసాయనశాస్త్రము ముగించి, గణనలు కోరు భౌతికశాస్త్రమునకు కాలము మిగుల్చుకొనుట బైపీసీవారికి మేలు. కోత లేదు గనుక ఏ ప్రశ్నను ఖాళీగ విడువరాదు. వేర్వేరు పూటల పత్రములలోని కాఠిన్యభేదమును నార్మలైజేషన్ సరిచేయును గాన, మా పూట కష్టమైనదని యేడ్చుట వ్యర్థము.

మూడవ మార్పు స్థానికతకు సంబంధించినది. విభజన జరిగిన పదియేండ్ల వఱకు, తెలంగాణ కళాశాలలలోని 15 శాతము అన్‌రిజర్వుడు సీట్లకు ఆంధ్రప్రదేశ విద్యార్థులును పోటీపడుచుండిరి. ఆ గడువు 2024 జూనుతో ముగియగా, 2025 ప్రవేశముల నుండి తెలంగాణ ప్రభుత్వము ఆ సీట్లను తమ రాష్ట్రముతో సంబంధముగలవారికే పరిమితము చేసినది. కావున ఎల్లకిరువైపుల పరీక్షలును వ్రాయుచు వచ్చిన తిరువూరు బాలిక, ఆవలి పరీక్షకై వెచ్చించు కాలము ఫలించునా యని ముందే లెక్కవేసికొనవలెను. స్థానికత రుజువునకు సాధారణముగ ఆరవ తరగతి నుండి ఇంటరు వఱకు చదివిన స్టడీ సర్టిఫికెట్లు అడుగుదురు. వేసవి సెలవులలో బడి గుమాస్తా దొరకడు, మధ్యలో మూతపడిన ప్రైవేటు పాఠశాల యైనచో మండల విద్యాధికారి కార్యాలయము చుట్టు తిరుగక తప్పదు. నోటిఫికేషను వెలువడిన వారముననే యీ కాగితములకై బయలుదేరిన తండ్రికి కౌన్సెలింగునాడు పరుగులు తప్పును.