కోడ్‌లో ముద్రారాక్షసాలు

మీరు ఒక వెబ్‌పేజీలో లింకు నొక్కి ఇంకో సైటుకి వెళ్తే, మీరు ఎక్కడినుంచి వస్తున్నారో మీ బ్రౌజరు చాలాసార్లు ఆ కొత్త సైటుకి చెప్పేస్తుంది. ఆ కబురు మోసుకెళ్ళే వరుస పేరు రెఫరర్. ఇంగ్లిషు నిఘంటువు ప్రకారం ఆ మాట నడుమ 'ఆర్' అక్షరం జంటగా రావాలి. వెబ్‌లో మాత్రం ఒక్కటే ఉంది. ఈ ఏర్పాటును ప్రతిపాదించిన ఫిలిప్ హాలమ్-బేకర్ రాతలో ఒక 'ఆర్' జారిపోయింది. హెచ్‌టీటీపీ ప్రమాణం రాసినవారిలో ఒకరైన రాయ్ ఫీల్డింగ్ 1995లో ఈ సంగతి ప్రస్తావిస్తూ, యూనిక్స్ స్పెల్ చెకర్‌కి తప్పు రూపమూ తెలియదు, ఒప్పు రూపమూ తెలియదు అన్నాడు. అంటే ఆ పరికరాన్ని అడిగినా ఉపయోగం లేకపోయింది. 1996 మేలో హెచ్‌టీటీపీ పత్రం 'ఆర్‌ఎఫ్‌సీ 1945' వెలువడేసరికి తప్పే ప్రమాణమై కూర్చుంది.

అప్పటినుంచి దాన్ని ఎవరూ దిద్దలేదు, దిద్దరు కూడా. పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడితే ఆ తర్వాత ఆధార్, పాన్, పాస్‌పోర్టు అన్నీ ఆ తప్పు పేరుకే సరిపోవాలి గదా, అదే పరిస్థితి. బ్రౌజర్లూ సర్వర్లూ అన్నీ ఒక్క 'ఆర్' కోసమే చూస్తాయి. సరైన స్పెల్లింగుతో పంపినవాడి కబురే ఎవరికీ చేరదు. తమాషా ఏమిటంటే, ఈ కబురులో ఎంత చెప్పాలో ఎంత దాచాలో నిర్ణయించే రెఫరర్-పాలసీ అనే వరుస చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. అందులో మాత్రం రెండు 'ఆర్'లూ పొందిగ్గా ఉన్నాయి. ఈ రెండూ పక్కపక్కన రాయాల్సి వచ్చినప్పుడు ప్రోగ్రామర్లు ఇప్పటికీ తడబడుతూనే ఉంటారు. ఇలాంటిదే ఇంకోటి: యూనిక్స్‌లో కొత్త ఫైలు సృష్టించే సిస్టమ్ కాల్ పేరులో ఇంగ్లిషు 'క్రియేట్'లోని చివరి 'ఈ' లేదు. యూనిక్స్‌ను మళ్ళీ మొదటినుంచి రాయాల్సి వస్తే ఏం మారుస్తారని అడిగినప్పుడు దాని సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్ ఆ 'ఈ' చేరుస్తానన్నాడని ప్రతీతి.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే కోడ్ అందరికీ కనబడేది. ఎవరైనా చదవచ్చు, దిద్దుబాటు ప్రతిపాదించవచ్చు. ఈ రంగంలో అడుగుపెట్టేవాళ్ళకి పెద్దలు చాలాకాలంగా చెప్తున్న సలహా ఒకటుంది: ముందు చిన్న అచ్చుతప్పు దిద్ది చూడు, పద్ధతి అలవాటవుతుంది. సలహా మంచిదే. కానీ ఒక అక్షరం మార్చడం ఒకచోట ఎంత తేలికో, ఇంకోచోట అంత ప్రమాదం. మార్చబోయే మాటను ఎవరు చదువుతారు, మనిషా యంత్రమా, అన్నదాన్నిబట్టి ఆ బరువు మారుతుంది.

అన్నిటికన్నా తేలిక కామెంట్లు. కామెంట్ అంటే ఈ కోడ్ ఎందుకిలా ఉందో తర్వాత వచ్చేవాళ్ళకి చెప్పే మాట. సీ భాష ప్రమాణం ప్రకారం, కోడ్‌ని ప్రోగ్రాముగా మార్చే కంపైలర్‌కి ఒక కామెంట్, అది పేజీడు పొడవున్నా సరే, ఒక్క ఖాళీ జాగాతో సమానం. కాబట్టి అందులో స్పెల్లింగు మార్చి, వరుసల సంఖ్య మారకుండా చూస్తే, తయారయ్యే ప్రోగ్రాము బైటు తేడా లేకుండా మునుపటిలాగే ఉండాలి. నమ్మకం లేకపోతే ముందూ వెనకా రెండుసార్లు కంపైల్ చేసి పోల్చి చూసుకోవచ్చు. కోడ్ ఉండే ఫైల్లో చెయ్యి పెట్టి, ఏమీ చెడగొట్టలేదని ఇంత ధీమాగా చెప్పగల మార్పులు అరుదు.

యంత్రం పట్టించుకోనిదాన్ని దిద్దడం దేనికి మరి? పెద్ద ప్రాజెక్టులో కోడ్‌ని ఎవరూ మొదటి పేజీనుంచి చదవరు, వెతుకుతారు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ ఇప్పటికే మూడు కోట్ల వరుసలు దాటింది. అందులో 'సింక్రొనైజేషన్' గురించి రాసిన చోట్లన్నీ కావాలంటే గ్రెప్ అనే ఆదేశంతో ఆ మాట వెతకాలి. ఎవరో ఒక అక్షరం ఎగరగొట్టి రాసిన కామెంట్ ఆ వెతుకులాటలో దొరకదు. దొరకలేదని కూడా మనకి తెలియదు, అదీ చిక్కు. అందుకే కెర్నల్ పత్రాల్లో చిన్న ప్యాచ్‌ల (దిద్దుబాట్ల) గురించి చెప్పేచోట డాక్యుమెంటేషన్‌లోని స్పెల్లింగు తప్పులతోపాటు గ్రెప్‌ని తప్పుదారి పట్టించే తప్పులను కూడా ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఇంగ్లిషు సొంత భాష కాని లక్షలాదిమంది మనలాంటివాళ్ళు ఆ వాక్యాల్ని చదువుతారన్నది ఇంకో కారణం. తప్పు రాసిన మాట నిఘంటువులో వెతికితే దొరకదు.

ఈ తప్పుల్ని పట్టుకునే విద్యకి పాత చరిత్రే ఉంది. ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడ్ డామరావ్ 1964లో ఒక వ్యాసం రాశాడు. స్పెల్లింగు తప్పుల్లో నూటికి 80కి పైగా నాలుగే నాలుగు రకాలని అందులో తేల్చాడు: ఒక అక్షరం బదులు ఇంకొకటి పడడం, ఒకటి ఎగిరిపోవడం, ఒకటి ఎక్కువ కావడం, పక్కపక్క అక్షరాలు తారుమారు కావడం. నేటి స్పెల్ చెకర్లలో చాలావాటి లెక్క ఇక్కడే మొదలవుతుంది. కానీ మామూలు స్పెల్ చెకర్‌ని కోడ్ మీదికి వదిలితే తెరంతా ఎర్ర గీతలే. కోడ్ నిండా ముక్కలు చేసిన మాటలు, సంక్షిప్తాలు, చిప్‌ల పేర్లు ఉంటాయి. ఏ నిఘంటువుకీ అవి అందవు.

కెర్నల్ కోసం లూకాస్ డి మార్చి మొదలుపెట్టిన కోడ్‌స్పెల్ అనే పరికరం ఈ చిక్కుని తిరగేసి విప్పింది. ఒప్పుల జాబితా పక్కన పెట్టి, తప్పుల జాబితా దగ్గర పెట్టుకుంది. జనం తరచుగా చేసే తప్పు ఒకవైపు, దాని దిద్దుబాటు ఇంకోవైపు. జాబితాలో లేని మాట జోలికి పోదు. కొన్ని తప్పులు కళ్ళు గప్పి పోతాయి నిజమే, కానీ వృథా గోల తగ్గుతుంది. కెర్నల్‌లోనే ప్యాచ్‌లను పరిశీలించే చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టుకి 2014లో ఇలాంటి జాబితాను జతచేశారు. డెబియన్ వాళ్ళ లింటియన్ పరికరం పోగుచేసుకున్న తప్పుల పట్టీ దానికి పెట్టుబడి. వరుసకొక తప్పు, మధ్యలో రెండు నిలువు గీతలు, ఆ పక్కన ఒప్పు, అంతే. ఎవరి చేతులు ఎక్కడ జారతాయో చెప్పే జాబితా అది. ఏమీ తోచనప్పుడు చదువుకోవడానికి కూడా బాగానే ఉంటుంది.

అదే చెక్‌ప్యాచ్ ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తే హెచ్చరిస్తుంది. ఇంగ్లిషులో 'ద' అనే మాట వరుస చివర ఒకసారి, తర్వాతి వరుస మొదట ఇంకోసారి పడడం అతి మామూలు తప్పు. కన్ను దాన్ని పట్టుకోదు. అయితే సీ భాషలో పెద్ద పూర్ణాంకాలకి వాడే రకం పేరే 'లాంగ్ లాంగ్'. అందుకని ఆ స్క్రిప్టులో 'లాంగ్' ఒక్కదాన్ని వదిలిపెట్టమని విడిగా రాసుకోవాల్సి వచ్చింది. పరికరం చెప్పిందల్లా కళ్ళుమూసుకుని దిద్దేవాడు, స్పెల్లింగు తప్పుని పట్టుకోగలదా అని పరీక్షించడానికి కావాలనే తప్పు రాసి పెట్టిన టెస్టు ఫైలుని కూడా దిద్దేసి టెస్టుని చంపేస్తాడు. బ్రిటిష్ స్పెల్లింగుని అమెరికన్‌గా మార్చి, పుణ్యం చేశాననుకునేవాళ్ళు మరో తెగ.

ఇక తెలుగువాళ్ళకి నేరుగా తగిలే సంగతి. ప్రోగ్రాము తెరమీద చూపే వాక్యాలు కామెంట్లకన్నా బరువైనవి. లైనక్స్ ప్రపంచంలో వీటి అనువాదాలు ఎక్కువగా గెట్‌టెక్స్ట్ అనే పద్ధతిలో నడుస్తాయి. పీవో అనే ఫైల్లో ఇంగ్లిషు వాక్యం, దాని కింద తెలుగు వాక్యం ఉంటాయి. ప్రోగ్రాము నడిచేటప్పుడు ఇంగ్లిషు వాక్యాన్నే తాళంచెవిగా పెట్టి తెలుగుని వెతుకుతుంది. ఇప్పుడు ఎక్కడో కూర్చున్న ఒక సదుద్దేశపరుడు 'ఫైలు దొరకలేదు' అనే అర్థమున్న ఇంగ్లిషు వాక్యంలో ఒక అక్షరం దిద్దాడనుకోండి. తాళంచెవి మారిపోయింది. అనువాదాల ఫైళ్ళను తాజా చేసే పరికరం పాత తెలుగు వాక్యాన్ని పారేయదు, దగ్గరి పోలిక చూసి కొత్త ఇంగ్లిషు కింద పెడుతుంది; కాకపోతే దానికి 'ఫజీ' అని ముద్ర కొడుతుంది, అంటే మనిషి వచ్చి సరిచూడాలని. అప్పటిదాకా మామూలు అమరికలో ఆ తెలుగు వాక్యం ప్రోగ్రాములోకి వెళ్ళదు. నిన్నటిదాకా తెలుగులో కనబడిన వాక్యం ఇవాళ ఇంగ్లిషులో కనబడుతుంది.

ఇది తెలుగుకే కాదు, ఆ ప్రోగ్రాము అనువాదమైన ప్రతి భాషకీ ఒకేసారి జరుగుతుంది. పెద్ద బృందాలున్న భాషలు త్వరగా తేరుకుంటాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వంటి బృందాల్లో తీరిక సమయంలో పనిచేసే కొద్దిమంది మీద నడిచే తెలుగు అనువాదాలకి తేరుకోవడం ఆలస్యమవుతుంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ప్రాజెక్టు ప్రతి విడుదలకి ముందు కొన్ని వారాలు వాక్యాలను స్తంభింపజేస్తుంది. ఆ గడువులో అచ్చుతప్పు దిద్దాలన్నా అనువాద బృందం అనుమతి కావాలి. ఫైర్‌ఫాక్స్ వాడే ఫ్లూయెంట్ పద్ధతి ఇంకా తెలివైనది. అందులో ప్రతి వాక్యానికీ విడిగా ఒక గుర్తింపు పేరు ఉంటుంది. స్పెల్లింగు దిద్దితే ఆ పేరు ముట్టుకోరు, అనువాదాలు చెక్కుచెదరవు. అర్థం మారితేనే పేరు మారుస్తారు. నన్నడిగితే గెట్‌టెక్స్ట్ కన్నా ఇదే న్యాయం.

స్పెల్లింగు సరిగ్గా ఉండి, మాట తప్పయిన కామెంట్ల కథ వేరు. 'ఈ ఫంక్షన్‌ని పిలిచేముందు లాక్ తీసుకోవాలి' అని కామెంట్ అంటుంది, పిలిచే కోడ్ లాక్ తీసుకోదు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఇలాంటివాటిని యంత్రంతో పట్టించాలని ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2007లో ఐకామెంట్ అనే పరికరం చేశారు. లైనక్స్, మొజిల్లా, వైన్, అపాచీ కోడ్‌లోని కామెంట్లను చదివించి, అవి చెప్పే నియమాల్ని కోడ్‌తో పోల్చారు. కామెంట్‌కీ కోడ్‌కీ పొసగని చోట్లు 60 దొరికాయి. వాటిలో 33 చోట్ల కోడ్‌దే తప్పు, 27 చోట్ల కామెంట్‌ది. అంటే పొంతన కుదరనప్పుడు కోడ్‌ని నమ్మి కామెంట్ దిద్దేయడం సగానికి పైగా సందర్భాల్లో నిజమైన బగ్గుని కప్పిపెట్టేదన్నమాట. వాక్యనిర్మాణం బాగుచేద్దామని కూర్చున్నవాడు ముందు ఆ కింది కోడ్ చదవకపోతే అంతే సంగతులు.

ఇన్ని చెప్పాక, ప్రాజెక్టుల బాగోగులు చూసే కొందరు మెయింటెయినర్లకి అచ్చుతప్పు ప్యాచ్ అంటే ఒళ్ళుమంట ఎందుకో కూడా చెప్పాలి. హాక్టోబర్‌ఫెస్ట్ అని డిజిటల్ ఓషన్ సంస్థ 2014 నుంచి ఏటా అక్టోబరులో ఒక ఉత్సవం నడుపుతోంది. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు (మార్పు ప్రతిపాదనలు) పంపితే టీషర్టు, లేదా మీ పేరిట ఒక మొక్క. ఆ ఏడాది రీడ్‌మీ ఫైల్లో ఒక పొగడ్త మాట చేర్చి, ఒక కామా కదిపి, అదే మార్పుని వందల ప్రాజెక్టులకి కుప్పలు తెప్పలుగా పంపించారు. మూడో రోజుకే నిర్వాహకులు నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే లెక్క అన్నారు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రసిద్ధ జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకి, ఒక పాఠం వీడియోలో చూపించినట్టే రీడ్‌మీలో తమ పేరు చేర్చిన పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తాయి. పంపినవాళ్ళలో మన దేశపు విద్యార్థులు చాలామంది. కెర్నల్ అభివృద్ధి పత్రం సైతం కొందరు స్పెల్లింగు ప్యాచ్‌లతో ఆరంభిస్తారనీ, ఆ రొద అందరి దృష్టినీ మరలుస్తోందనీ, అందుకే వాటిని రానురాను చిన్నచూపు చూస్తున్నారనీ నిర్మొహమాటంగా రాసింది.

పంపడానికి అర నిమిషం చాలు. చూసేవాడు మాత్రం ప్రతి అక్షరమూ చూడాలి. ఎందుకో 2024లో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం చెప్తుంది. ఫైళ్ళను కుదించే ఆ లైబ్రరీలోకి నమ్మకంగా మెలిగిన ఒక సహాయకుడు దొంగదారి చొప్పించాడు. దూరంనుంచి కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌లు అర సెకను ఆలస్యమవుతున్నాయని అనుమానించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ మార్చి 29న దాన్ని బయటపెట్టాడు. ఆ మర్నాడు ప్రాజెక్టు ఫైళ్ళను గాలిస్తే ఇంకోటి కూడా దొరికింది: ఒక చుక్క. నిర్మాణ సూచనలుండే సీమేక్ ఫైల్లో, ల్యాండ్‌లాక్ అనే రక్షణ సౌకర్యం ఈ యంత్రంలో ఉందా అని చూడడానికి ఒక బుల్లి పరీక్ష ప్రోగ్రాముంది. అది కంపైల్ అయితే సౌకర్యం ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. అందులో ఒక ఫంక్షన్‌కి ముందు వరుసలో ఒంటరిగా చుక్క పెట్టారు. చుక్కవల్ల ఆ పరీక్ష ఎప్పటికీ కంపైల్ కాదు. 'ఓహో, ఇక్కడ ల్యాండ్‌లాక్ లేదు కాబోలు' అనుకుని మిగతా నిర్మాణం ఏ ఫిర్యాదూ చేయకుండా ముందుకి సాగుతుంది. చూస్తే స్క్రీన్‌మీద దుమ్ములా ఉంటుంది ఆ చుక్క.

కాబట్టి మంచి అచ్చుతప్పు ప్యాచ్ ఎలా ఉండాలంటే, చూసేవాడికి చెమట పట్టనీయకూడదు. ఒక ఫైల్లోని కామెంట్ల తప్పులన్నీ ఒకే కమిట్‌లో (ఒకసారిగా నమోదయ్యే మార్పులో) ఉండాలి, కోడ్ మార్పులు అందులో కలవకూడదు. వేరే ప్రాజెక్టునుంచి తెచ్చి పెట్టుకున్న ఫైళ్ళ జోలికి పోకుండా ఆ తప్పుని దాని సొంత ఊళ్ళోనే దిద్దాలి, లేకపోతే తర్వాతిసారి తాజా ప్రతి తెచ్చినప్పుడు దిద్దుబాటు కొట్టుకుపోతుంది. లైసెన్సు పాఠం, బయటివాళ్ళు వాడే ఫంక్షన్ల పేర్లు ముట్టుకోకూడదు. ఒక పేరు తప్పనిసరిగా మార్చాల్సి వస్తే కొత్త పేరు పెట్టి, పాతదాన్ని దానికి మారుపేరుగా కొన్నేళ్ళు ఉంచుతారు.

మార్పుతోపాటు ఏం చేశారో చెప్పే సందేశం ఒకటి రాయాలి. పంపేముందు దాన్ని మరోసారి చదువుకోవడం మంచిది. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ప్రతి కమిట్‌కీ ఉండే గుర్తింపు (మామూలుగా 40 హెక్సాడెసిమల్ అంకెలు), ఆ సందేశంలోని అక్షరాలను కూడా కలిపి లెక్కగట్టినది. దాని తర్వాతి కమిట్ల గుర్తింపులన్నీ దానిమీద ఆధారపడతాయి. ప్రధాన శాఖలో కలిసిపోయాక సందేశంలో ఒక్క అక్షరం మార్చాలన్నా అక్కడినుంచి చరిత్రంతా కొత్త గుర్తింపులతో తిరగరాయాలి. కెర్నల్ వంటి ప్రాజెక్టులో అందుకు ఎవరూ ఒప్పుకోరు.