యంత్రానికి ఏ భాషలు వచ్చు?

2021 జూన్ 29న గిట్‌హబ్ సంస్థ కోడ్ రాయడంలో సాయపడే కోపైలట్‌ను కొద్దిమంది ప్రోగ్రామర్ల చేతికిచ్చింది. పైథాన్, జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్, రూబీ, గో భాషల్లో ఇది బాగా పనిచేస్తుందని అప్పుడే చెప్పింది. మామూలు ఎడిటర్‌కు ఒక భాష తెలియాలంటే ఆ భాష వ్యాకరణాన్ని ఎవరో ఒకరు కూర్చుని రాసిపెట్టాలి. కోపైలట్‌కు అలా ఎవరూ రాసిపెట్టలేదు. జనం బయటపెట్టిన కోడ్ చదివే అది ఆ భాషలన్నీ పట్టుకుంది.

అప్పట్లో దాని వెనక ఉన్న మెదడు ఓపెన్ఏఐ వారి కోడెక్స్. దీని పుట్టుక గురించి 2021 జులైలో వచ్చిన పరిశోధన పత్రం ఆసక్తికరంగా ఉంటుంది. గిట్‌హబ్‌లోని 5.4 కోట్ల బహిరంగ రిపోజిటరీల నుంచి పైథాన్ ఫైళ్లు సేకరించి, పనికిరానివి ఏరేస్తే 159 గిగాబైట్లు మిగిలాయట. అసలు చిక్కు ఖాళీల దగ్గర వచ్చింది. పైథాన్‌లో పంక్తి ముందున్న ఖాళీలకూ అర్థం ఉంటుంది. మామూలు రాతల కోసం తయారైన టోకెన్ల (యంత్రం చదివే ముక్కల) పట్టిక ఆ ఖాళీలను విడివిడిగా లెక్కపెట్టి చోటంతా తినేసేది. వరుసగా వచ్చే ఖాళీలకు ప్రత్యేక టోకెన్లు చేర్చేసరికి అదే కోడ్ సుమారు 30 శాతం తక్కువ టోకెన్లలో ఇమిడింది. ఒక భాష రావడమన్నది ఇంత అడుగు నుంచి మొదలవుతుందని నాకు ఆ పత్రం చదివాకే తెలిసింది.

164 చిన్న పైథాన్ లెక్కలిచ్చి పరీక్ష పెడితే కోడెక్స్ తొలి ప్రయత్నంలో 28.8 శాతం సాధించింది. కోడ్ ప్రత్యేకంగా నేర్వని జీపీటీ-3కి సున్నా వచ్చింది. మరుసటి ఏడాది పరిశోధకులు ఆ లెక్కలనే మరో 18 భాషల్లోకి మార్చి చూశారు. జావాస్క్రిప్ట్‌లో యంత్రం పైథాన్‌తో సమానంగా నిలిచింది. రాకెట్ లాంటి చిన్న భాషలో చతికిలబడింది.

యంత్రానికి ఒక భాష బాగా రావాలంటే దాని వాడకం ఎక్కువైతే చాలదు, ఆ భాష కోడ్ బయట కనబడాలి. వైటూకే (2000 సంవత్సరపు తేదీల చిక్కు) రోజుల్లో హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్లినవాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. వాళ్లు సరిదిద్దిన కోడ్ బ్యాంకుల మెయిన్‌ఫ్రేముల్లోనే ఉండిపోయింది. అందులో బయట చదవడానికి దొరికేది బహు తక్కువ.

ఫ్రేమ్‌వర్కుల బాధ వేరు. వెబ్ పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ 2019 ఫిబ్రవరిలో 16.8 వెర్షన్‌తో హుక్స్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. అంతకుముందు రాసిన క్లాస్ పద్ధతి కోడ్ మాత్రం ఎక్కడికీ పోలేదు. రెండూ చదివిన యంత్రానికి ఏది పాతదో ఎవరూ చెప్పరు. పైగా శిక్షణ ముగిశాక వచ్చిన మార్పులు దానికి అసలే తెలియవు. అందుకే ఇప్పటి సహాయక యంత్రాలు మన ప్రాజెక్టులోని ఫైళ్లను, వెర్షన్ నంబర్లను ముందు చదువుతున్నాయి. కంపైలర్ తప్పు చూపిస్తే దిద్దుకుంటున్నాయి.

చిన్న భాషలకు ఇంకో దారి కనిపెట్టారు. పైథాన్‌లోని ఫంక్షన్లను యంత్రం చేతనే రాకెట్, ఓకామల్, లువా, జూలియా, ఆర్ భాషల్లోకి మార్పించి, వాటిని నడిపి పరీక్షిస్తారు. నెగ్గినవాటినే ఉంచి, తిరిగి యంత్రానికే పాఠాలుగా ఇస్తారు. మనుషులు రాసిన కోడ్ చాలనిచోట యంత్రం ఇలా తన పాఠ్యపుస్తకాన్ని తానే రాసుకుంటోంది.