మీకు తెలుసా? మామిడి టెంకలోనూ వెన్న ఉంది!

మామిడి టెంక పగలగొడితే లోపల జీడి ఉంటుంది. ఎండబెట్టిన జీడిలో నూటికి సుమారు 7 నుంచి 15 పాళ్లు కొవ్వే! చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి గుజ్జు తీశాక టెంకలు గుట్టలుగా మిగిలిపోతాయి. అవి పారేయాల్సిన సరుకు కానేకాదు.

సబ్బులు, లిప్‌బామ్‌ల మీద ‘మ్యాంగో బటర్’ అని రాసి ఉండేది ఈ కొవ్వే. ఇందులో ఎక్కువగా ఉండేవి స్టియరిక్, ఓలిక్ ఆమ్లాలు. మొదటిది దాన్ని గడ్డగా నిలబెడుతుంది, రెండోది చర్మం మీద మెత్తగా పరుచుకునేలా చేస్తుంది. చిన్న ముక్క తీసి అరచేతుల మధ్య రుద్దితే చాలు, ఒంటి వేడికే కరుగుతుంది. మన మే నెల ఎండలకైతే డబ్బాలోనే కరిగిపోవచ్చు, చల్లని చోట పెట్టండి.

పగిలిన మడమలకు, పొడిబారిన మోచేతులకు ఇది నిజంగా మంచిది. అయితే స్నానం కాగానే, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. ఎందుకంటే ఇది కొత్తగా తేమనివ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. మామిడి సొన పడనివాళ్లు ముందు మోచేతి మడతలో కాస్త రాసి, ఒక రోజు ఆగి చూడాలి.

అన్నట్టు, యూరోపియన్ యూనియన్‌లో చాక్లెట్‌లో కోకో బటర్‌తో పాటు 5 శాతం దాకా కలపనిచ్చే ఆరు వృక్ష కొవ్వుల్లో ఇదీ ఒకటి.