మాట తెలుగు.. బోర్డు తమిళం

కోయంబత్తూరు, మదురై: 'నాయనా.. ఈ బండి యాడికి పోతాది?' కోయంబత్తూరు గాంధీపురం బస్టాండులో ఈ మాట వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణాదికి తరలివచ్చిన కుటుంబాల వారసులు ఇక్కడా, మదురైలోనూ ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. చదువు మాత్రం తమిళంలోనే. కాబట్టి బస్సు బోర్డుతో వారికి ఇబ్బంది లేదు. చిక్కంతా బడి మొహం చూడని అవ్వలకు, ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలకు.

నాడు బస్సు నడిపింది మనవారే

కోవై తెలుగువారికి బస్సుతో అనుబంధం వందేళ్ల నాటిది. తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి.నాయుడు 1920లో పొల్లాచ్చి - పళని మధ్య ఒక్క బస్సుతో మొదలెట్టి, యూనివర్సల్ మోటార్ సర్వీస్‌ను పెద్ద సంస్థగా పెంచారు. 2025లో అవినాశి రోడ్డు ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు.

ముందు బస్టాండు తెలియాలి

బోర్డు సంగతి తర్వాత. అసలు ఏ బస్టాండుకు పోవాలో తెలియాలి. కోయంబత్తూరులో మదురై బస్సుకు సింగానల్లూరు, పళని, పొల్లాచ్చికి ఉక్కడం, ఊటీకి మేట్టుపాళయం రోడ్డు బస్టాండు. మదురైలోనూ అంతే. కోయంబత్తూరు బస్సు ఆరప్పాళయంలో దించుతుంది. రామేశ్వరం, తిరునల్వేలి పోవాలంటే మాట్టుత్తావణికి మారాలి. మీనాక్షమ్మ గుడికైతే పెరియార్ బస్టాండు దగ్గర. పిల్లలతో, సామాన్లతో ఒకదానికి బదులు మరోచోటికి పోతే తిప్పలే.

అంకెలే ఆసరా

టౌన్ బస్సు నంబరు అందరికీ తెలిసిన అంకెల్లోనే ఉంటుంది. చదువురాని వారు దాన్నే గుర్తుపెట్టుకుంటారు. అయితే నంబరు దారి చెబుతుందే గానీ టికెట్టు సంగతి చెప్పదు. 2021 మేలో సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం మొదలైంది. ఏ బస్సు ఉచితమో అద్దం మీద తమిళంలో రాసి ఉంటుంది. అది చదవలేని అవ్వ ఎవరినో ఒకరిని అడుగుతుంది.

రైలుకు కొంత నయం. స్టేషన్ బోర్డుల మీద తమిళం, హిందీ, ఇంగ్లీషు ఉన్నా, 139కు ఫోన్ చేస్తే తెలుగుతో సహా 12 భాషల్లో వివరాలు చెబుతారు. బస్టాండులో ఆ తెలుగు గొంతు పక్కన నిలబడ్డ మనిషిదే.

ఆ గొంతు ఎన్నాళ్లు?

2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలుగు రాత రాదు. వచ్చే చుట్టాలకు తమిళ రాత రాదు. ఇద్దరినీ కలిపేది నోటి మాటే. చుట్టాలను పిలిచేటప్పుడు బస్టాండు పేరు, బస్సు నంబరు ఫోన్లో తెలుగులో చెబితే సగం తిప్పలు తప్పుతాయి. ఇంట్లో ఆ మాటా ఆగిపోతే, బస్టాండులో అవ్వ అడిగిన దానికి తెలుగులో బదులిచ్చేవారు ఉండరు.