సొసైటీ దుకాణంలో మన వాటా ఎంత?

మన భద్రావతిలో రేషన్ దుకాణాన్నీ సొసైటీ అంటారు, గ్రాహక్ భండార్‌నూ సొసైటీ అంటారు. కొన్నిచోట్ల రెండూ ఒక్కరే నడుపుతారు కాబట్టి ఈ తికమక. కానీ రేషన్ బియ్యం సర్కారు ఇచ్చేది. గ్రాహక్ భండార్ మాత్రం సభ్యులు తలా ఇంత వాటా కట్టి పెట్టుకున్న దుకాణం. కౌంటర్ వెనక ఉన్నాయన మన జీతగాడే గానీ సేటు కాదు.

దీన్ని పుట్టించింది కూడా మనలాంటి మిల్లు వాళ్లే. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, ఎక్కువగా నేతపని వాళ్లు, తలా ఒక పౌను వేసుకుని పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు అమ్మే కొట్టు తెరిచారు. కల్తీ ఉండొద్దు, తూకం సరిగ్గా ఉండాలి, ఉద్దెర లేదు. మన దగ్గర ముంబైలోని నాయ్‌గావ్‌లో 1948లో మిల్లు కార్మికులు పెట్టుకున్న సొసైటీయే తర్వాత 'అప్నా బజార్' అయింది.

లెక్క ఇట్లా ఉంటది. వంద రూపాయల వాటా ఉన్నా, పది వేల వాటా ఉన్నా ఓటు ఒక్కటే. మహారాష్ట్ర సహకార చట్టం (1960) ప్రకారం నికర లాభంలో కనీసం నాలుగో వంతు రిజర్వు నిధిలో పడాలి. మిగిలినదాంట్లోంచి వాటాలకు డివిడెండ్ ఇస్తారు. అది మామూలుగా 15 శాతం మించకూడదు. అంటే వంద రూపాయల వాటాకు ఏడాదికి పదిహేను రూపాయలు వస్తే అదే ఎక్కువ. దానితో ఎవరూ ఇల్లు కట్టరు! అసలు లాభం కొనుగోలు మీద వచ్చే రిబేటు. నియమావళిలో రిబేటు ఉంటే, ఎంత సరుకు కొంటే అంత వాపసు. అందుకే బిల్లులు పారేయొద్దు, డబ్బాలో వేసి పెట్టండి.

ఇక జీతంలో కోత సంగతి. సభ్యుడు ఒప్పుకుని రాసిచ్చిన కాగితం ఉంటే, యజమాన్యం జీతంలోంచి కోసి సొసైటీకి కట్టొచ్చు. సంతకం పెట్టేముందు ఎంత కోస్తారో, ఎన్ని నెలలో చదివించుకోండి. కాగితం మరాఠీలో ఉంటది, పిల్లలు చదివి చెప్తరు.

నాకు బాధ కలిగించిన సంగతి ఒకటుంది. మా లైన్లో ఒక వదిన, అన్న పోయినంక వాటా డబ్బు కోసం ఒక సొసైటీ చుట్టూ నెలల తరబడి తిరిగింది. అన్న ముప్పై ఏళ్ల సభ్యుడు, కానీ నామినీ పేరు రాయలేదు. పేరుంటే వాటా గానీ దాని విలువ గానీ నామినీకి చేరుతుంది. లేకుంటే వారసులమని రుజువు చూపించుకోవాలి. ఆమె డ్యూటీ మానుకుని తహసీలు ఆఫీసుకూ కోర్టుకూ తిరిగింది.

ఇంకో మాట. సరుకు తెచ్చేది ఆడవాళ్లం, సభ్యత్వం మాత్రం ఆయన పేరు మీద. సభలో పప్పు నాణ్యత గురించి అడిగేది ఎవరు? నియమావళి ఒప్పుకుంటే మనమూ వాటా తీసుకోవాలంటాను.

ఏటా జరిగే సర్వసభ్య సభ సెప్టెంబరు 30 లోపు జరగాలి. ఆడిట్ అయిన జమాఖర్చులు, సభ్యుల జాబితా, పాత సభల తీర్మానాలు చూసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది, చూసినందుకు పైసా కట్టక్కర్లేదు. ఈసారి జీతం రోజున సరుకులకు పోయినప్పుడు, నామినీగా ఎవరి పేరుందో రిజిస్టరులో చూపించమని అడగండి.